మేజాకు నాలుగో కాలు

మా అక్క ఇంట్లో ఒక గుండ్రటి మేజా ఉంది. దానికి పుట్టుకతో వచ్చినవి మూడు కాళ్ళు. నాలుగోది మా అవ్వ పెట్టించింది.

మొదటి మూడూ రోజ్‌వుడ్ కాళ్ళు. నడుమ ఉన్న ఒకే ఒక్క స్తంభం అడుగునుంచి మూడు దిక్కులకూ వంపు తిరుగుతూ దిగి, నేల తగిలే చోట పాము తల ఆనించినట్టు ఆగుతాయి. నాలుగోది మంచం కోడు. టేకుది. దానికి వంపూ లేదు, సిగ్గూ లేదు. పట్టుచీరలు కట్టుకుని ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఫోటోకు నిలబడితే పక్కన బావ లుంగీతో వచ్చి చేరినట్టు ఉంటుంది. ఈ పోలిక మా బావ ముందే చాలాసార్లు చెప్పాను. ఆయన లుంగీ సర్దుకుని కాఫీ తాగుతూనే ఉంటాడు.

మేజాను ఇంటికి తెచ్చింది మా తాత. తిరువళ్ళూరులో ఆయనకు బట్టల కొట్టు ఉండేది. దేశం విడిచి పోతున్న దొర ఒకడు ఇచ్చి పోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. మా వీధిలో గడియారం ఉన్నవాళ్ళూ, నిలువుటద్దం ఉన్నవాళ్ళూ, విరిగిన వాలుకుర్చీ ఉన్నవాళ్ళూ అందరూ ఆ దొరనే చెబుతారు. పాపం, ఓడ ఎక్కేటప్పుడు ఆయనకు చొక్కా అయినా మిగిలిందో లేదో.

నేను చరిత్రలో ఎం.ఏ. చేసి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చదివిన చదువు అక్కరకు వచ్చింది ఈ ఒక్క మేజా విషయంలోనే. ఇలాంటివి ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చాయి. టీ తాగడం అక్కడ పెద్ద వ్యవహారమైన రోజులవి. అతిథులు వస్తే మేజాను తెచ్చి గది నడుమ వేసేవాళ్ళు. వాళ్ళు వెళ్ళగానే పైపలకను నిలువుగా వంచి మూలకు నెట్టేసేవాళ్ళు. మూడు కాళ్ళలో ఒకటి సరిగ్గా మూలలోకి దూరుతుంది. ఇంకో గుణం కూడా ఉంది. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళది ఊగదు. నాలుగు కాళ్ళున్నచోట మూడు బరువు మోస్తుంటే నాలుగోది గాల్లో ఉంటుంది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు.

వీటిలో రకాలు చాలా. కొవ్వొత్తి పెట్టుకోవడానికి చేసిన చిన్న పలకవి కొన్ని, టీ సరంజామా అంతా పట్టే పెద్ద పలకవి కొన్ని. అంచును కజ్జికాయ అంచులా మడతలు మడతలుగా చెక్కినవి గొప్పవాళ్ళ ఇళ్ళవి. పాదాల్లోనూ తేడాలున్నాయి. కొన్నిటికి పాము తల, కొన్నిటికి గోళీని పట్టుకున్న పక్షి గోళ్ళు. తర్వాతి కాలంలో కాళ్ళు లావెక్కి, చెక్కుడు పెరిగి, ముత్యపుచిప్ప పొదగడాలు మొదలయ్యాయి. ఇక్కడి వడ్రంగులు కూడా వాటిని చూసి రోజ్‌వుడ్‌లో చేశారు. చేస్తూ చేస్తూ చెయ్యి ఊరుకోక స్తంభం మీద తామర రేకులు చెక్కారు. మా దానికీ తామర రేకులున్నాయి. కాబట్టి మా దొర ఆ మేజాను మద్రాసు దాటి ఎక్కడినుంచో తేలేదని నా అనుమానం. ఇంట్లో ఇది పైకి అనను.

పాతదో కాదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. నిజంగా పాతదైన గుండ్రటి పలక గుండ్రంగా ఉండదు. చెక్క ఏళ్ళ తరబడి నారకు అడ్డంగా మాత్రమే కుంచించుకుపోతుంది. టేపు పెట్టి రెండు వైపులా కొలిస్తే తేడా తెలుస్తుంది. మా దానికి పావంగుళం తేడా వచ్చింది.

"నన్ను గూడా కొల్చు బామ్మర్దీ, నేనూ పాతోడినే" అన్నాడు బావ.

ఆయన తేడా టేపు లేకుండానే తెలుస్తుంది.

నాలుగో కాలు సంగతికి వస్తాను. నలభై ఏళ్ళు దాటింది. మర్నాడు పొద్దున అక్క నిశ్చితార్థం. తాంబూలాల పళ్ళెం ఈ మేజా మీద పెడితే చూడ్డానికి బాగుంటుందని మా అమ్మ అంది. అవ్వ ఒప్పుకోలేదు. మా వాళ్ళలో మూడు అనే లెక్కకు మంచి పేరు లేదు. ముగ్గురు కలిసి శుభకార్యానికి బయల్దేరరు. తప్పనిసరైతే గడప దగ్గర ఒక రాయి తీసి జేబులో వేసుకుని, దాన్ని నాలుగో మనిషి కింద లెక్కపెట్టుకుని పోతారు.

"మూడు కాళ్ళ దాని మీద తాంబూలమా? నా కండ్ల ముందర జరగదు" అంది అవ్వ.

నేను అప్పుడే కాలేజీలో చేరాను. ఊరుకునే వయసు కాదు. "నువ్వు ఇన్నేండ్లూ వండింది మూడు రాళ్ళ పొయ్యి మీదనే గదా అవ్వా?"

"పొయ్యి నిలబడలేదురా, కూర్చోనుండాది. నోరు మూసుకోని ఆసారిని పిల్చుకోని రా."

ఆసారి అంటే మా వైపు వడ్రంగి. ఆ వారం మా ఇంట్లో తలుపులు సరిచేయడానికి తిరుత్తణి నుంచి వచ్చి ఉన్నాడు. వాళ్ళ నాయన దగ్గర పని నేర్చుకుని అప్పుడే సొంతంగా మొదలుపెట్టిన మనిషి. మేజాను తలకిందులు చేసి చాలాసేపు చూశాడు.

"ఇది మూడు కాళ్ళకే కట్టిన కట్టడం అవ్వా. ఇంగోటి పెడితే చెడిపోతాది."

"కాలు పెట్టమంటే పెట్టు. వేదాంతం చెప్పొద్దు."

అటక మీద విరిగిన మంచం ఉంది. దీపాలు పెట్టే వేళకు దాని కోడు మేజాకు వచ్చేసింది. నిశ్చితార్థం బ్రహ్మాండంగా జరిగింది. మేజా ఊగడం మొదలుపెట్టింది.

పెళ్ళయ్యాక మేజా అక్కతోపాటు రెండు వీధుల అవతల ఉన్న అత్తగారింటికి వెళ్ళింది. అప్పటినుంచి దాని నాలుగో కాలు కింద రోజువారీ కేలండర్ కాగితాలు మడిచి పెడుతున్నారు. అందులోనూ అక్క మంచి రోజుల కాగితాలే ఏరి పెడుతుంది. మూలలోకి దూరదు కాబట్టి అది హాలు నడుమనే ఉండిపోయింది. ఆ ఇంట్లో దానికి కాలి వేలు కొట్టుకోనివాళ్ళు లేరు. కాపురానికి జరిగిన ప్రతి మంచీ ఆ కాలు ఖాతాలోనే పడింది. తామరైపాక్కం ఆనకట్ట దగ్గర బావ స్కూటర్ జారి, స్కూటర్ ముక్కలై ఆయన చెక్కుచెదరకుండా ఇంటికొస్తే, అక్క వెళ్ళి మంచం కోడుకు పసుపు రాసింది.

పోయిన ఏడాది ఒక కుర్చీకి పేము అల్లించడానికి తిరుత్తణి వెళ్ళాను. కొండ కింద వీధిలో అదే ఆసారి కొట్టు. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ సంగతి వదిలేసి అడిగాడు.

"ఆ గుండు మేజా ఉండాదా సామీ?"

"ఉండాది. ఊగతా ఉండాది."

ఆయన నవ్వలేదు. "ఆవణి మాసం వస్తే కొట్టు మూసేస్తా ఉండా. కన్ను సరిగ్గా కనపడలేదు. మింజూరులో కూతురింటికి పోతా ఉండా. ఇన్నేండ్లలో ఎన్నో చేసినా, దేన్ని గురించీ కలవరం లేదు. ఆ ఒక్కటి మాత్రం ఉండాది. మా నాయన చూసుంటే నా చేతిలో ఉలి పెరుక్కోనుంటాడు. కన్ను పూర్తిగా పోకముందే ఆ కాలు నా చేత్తోనే తీసేయాల. అక్కని ఒక మాట అడగతారా?"

అడిగాను. అక్క గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది.

"ఆ కాలు పీకితే నా కాపురం ఏం గావాల?"

"ఏమీ గాదులే. ఇప్పటికే నాలుగు కాళ్ళ మీద గడగడా ఊగతానే ఉండాది" అన్నాడు బావ.

"మీరు సుమ్మా ఊరుకోండి. స్కూటర్ మీదనించి పడినాక గూడా ఈ మాటలు చెప్పే నోరు ఎట్ల మిగిలిందనుకున్నారు?"

ఇక నా ఎం.ఏ. అక్కడ చెల్లలేదు. ఫోన్ చేసి కుదరదని చెప్పాను. "సరి సామీ" అన్నాడు ఆసారి. అంతే.

రెండు వారాల తర్వాత ఆదివారం, చెప్పాపెట్టకుండా ఆయనే రైలెక్కి తిరువళ్ళూరులో అక్క ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఉలీ సుత్తీ ఏవీ తేలేదు, చేతిలో పూలపొట్లం మాత్రం ఉంది. మేజా పక్కన కుర్చీలో కూర్చుని అక్కను పిల్లల గురించి, బావను మోకాలి గురించి అడిగాడు. కాలు ఊసు ఎత్తలేదు. అక్క కాఫీ తెచ్చి మేజా మీద పెట్టింది. ఆ రోజు కాగితం ఎందుకో జారిపోయి ఉంది. మేజా ఒరిగి, గ్లాసు కింది డబరా గిన్నెలోకీ అక్కడినుంచి పలక మీదకీ కాఫీ ఒలికింది. అక్క గుడ్డ కోసం లేచేలోపు ఆయన తన భుజం మీది తుండు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపు తుడిచాడు.

"నాదే తప్పమ్మా" అన్నాడు.

"కాఫీనే గదా ఆసారీ, ఏం పోయింది?"

"నేను కాఫీ గురించి చెప్పలేదమ్మా."

అక్క ఆ తుండు వైపు చూస్తూ నిలబడింది. ఆయన వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "బుధవారం మంచిరోజేనా?" అని అడిగింది. అడిగింది ఆసారిని. బావ కేలండర్ చూసి చెప్పాడు.

బుధవారం మేజాను కుట్టియానై ఎక్కించాం. పేరుకు పిల్ల ఏనుగు, నిజానికి చిన్న సరుకుల బండి. బావ, అక్క, నేను ఎక్కబోతుంటే అక్క ఆగింది.

"ముగ్గురం."

"డ్రైవరు ఉన్నాడు గదక్కా. నలుగురం."

"డ్రైవరు లెక్కకు రాడు. ఆయన దినామూ పోతాడు." గడప పక్కనుంచి చిన్న రాయి ఏరి చేతిసంచిలో వేసుకుంది. మూడు కాళ్ళ మేజా అవబోయేదాన్ని నలుగురు మనుషులం, ఒకరు రాయి, తీసుకుని బయల్దేరాం.

కొట్టులో ఆసారి మేజాను గోనెపట్టా మీద తలకిందులు చేసి, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయన భయం ఏమిటో అప్పుడు చెప్పాడు. ఇలాంటి మేజాలో మూడు కాళ్ళ మొదళ్ళనూ పిట్ట తోకలా వెడల్పుగా కోసి, స్తంభం అడుగున తొలిచిన గాడుల్లోకి కిందినుంచి దూరుస్తారు. బలమంతా ఆ గాడులదే. ఆ సాయంత్రం తొందరలో నాలుగో గాడి కూడా కోశాడో లేదో ఆయనకు జ్ఞాపకం లేదు. కోసి ఉంటే స్తంభం చీలి ఉంటుంది, కోడు తీస్తే మేజా నిలవదు. అక్క సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

మరలు తుప్పు పట్టి ఉన్నాయి. నూనె పోసి, ఆగి, మళ్ళీ తిప్పాడు. నేను తిప్పుతానంటే వద్దన్నాడు. మూడో మర ఊడాక మంచం కోడు చేతిలోకి వచ్చేసింది. ఆయన వేళ్ళతో తడిమాడు, కళ్ళతో చూడలేదు. స్తంభం నున్నగా ఉంది. మర రంధ్రాలు తప్ప గాడి లేదు.

"కొయ్యలేదు" అన్నాడు నెమ్మదిగా. "ఆ పొద్దు గూడా చెయ్యి రాలేదు."

రంధ్రాల్లో చెక్క మేకులు కొట్టి, మేజాను లేపి, గుంతల మట్టినేల మీద నిలబెట్టాడు. నిండు గ్లాసు నీళ్ళు తెచ్చి పెట్టాడు. నీళ్ళు కదల్లేదు. బావ అలవాటుకొద్దీ వంగి కాగితం ఎక్కడ పెట్టాలా అని చూశాడు.

అక్క మాత్రం కాళ్ళనే చూస్తోంది. "మూడే గదా" అంది.

ఆసారి గ్లాసు తీసి, పలకను నిలువుగా వంచాడు. పలకకూ స్తంభానికీ మధ్య చిన్న చెక్క గూడు ఉంది, పలక గుండ్రంగా తిరగడానికి. ఇంగ్లండు వడ్రంగులు దాన్ని పిట్టల పంజరం అనేవాళ్ళట. నేను చదివాను. ఎప్పుడూ వంగి చూడలేదు.

"లెక్కపెట్టండమ్మా."

పంజరానికి బొటనవేలంత స్తంభాలున్నాయి. అక్క వేలు పెట్టి లెక్కపెట్టింది. నాలుగు.

"పలక నిలబడేది వీటి మీద. తాంబూలం పెట్టింది గూడా వీటి మీదనే. ఆ పొద్దు అవ్వకి ఇది చూపించుంటే సరిపోయుండేది" అన్నాడు. "భయంలో తోచలేదమ్మా. తోచేదానికి ఇన్నేండ్లు పట్టింది."

అక్క ఇంకోసారి లెక్కపెట్టింది. నాలుగే వచ్చాయి. సంచిలోంచి రాయి తీసి ఆ పంజరంలో పెట్టింది.

"నాలుగు ఉండాయి గదమ్మా, అదేంటికి?" అన్నాడు ఆసారి.

"ఉండనీ. తిరుగు ప్రయాణానికి కావాల."

ఇప్పుడు మేజా అక్క ఇంట్లో మూలకు నిలబడి ఉంటుంది, పలక నిలువుగా, ఒక కాలు మూలలో దూర్చుకుని. మంచం కోడు తలుపుకు అడ్డం పెట్టుకున్నారు, పసుపుతో సహా. ఆసారి మింజూరులో ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయిందట. మొన్న ఫోన్ చేసి మేజా గురించి అడగలేదు, తను అల్లిన నా కుర్చీ పేము వదులైందా అని అడిగాడు. వదులైంది. బాగుందని చెప్పాను.