మేడం భయపడ్డ చప్పుడు

మేడం పోయిన సంగతి నాకు ఫోను చెప్పింది. కుప్పంలో బస్సు దిగి ఆఫీసుకు నడుస్తున్నాను. వచ్చిన మెసేజ్‌లన్నీ రోజూ చెవిలో చదివి వినిపించే ఆ గొంతే, కూరగాయల ధరలు చదివినట్టు చదివేసింది. "మన మేడం ఇక లేరు. రేపు ఉదయం మట్టి చేస్తారు." ఆ వెంటనే, ఆగకుండా, కరెంటు కోత గురించిన మెసేజ్ కూడా చదివింది. రోడ్డు పక్కన గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం.

నా చూపు సంగతి చెప్పకపోతే ఆ భయం మీకు అర్థం కాదు. పదో తరగతిలో రేచీకటిగా మొదలైంది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త కనిపిస్తుంది, చుట్టూ ఏమీ ఉండదు. అదీ ఏటేటా తగ్గుతోంది. మదనపల్లెలో చూపులేని పిల్లలకు కంప్యూటర్ నేర్పే చోట మేడంను మొదటిసారి కలిశాను. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో పనిచేయడం నేర్పి, నన్ను ఉద్యోగానికి పనికొచ్చే మనిషిని చేసింది ఆమే.

మొదటి రోజు కీబోర్డు మీద నా చేతులు వణుకుతుంటే, తన వేళ్ళు నా వేళ్ళ మీద ఆనించి, "భయపడతాండావా పాపా?" అన్నారు. లేదన్నాను.

"అబద్ధాలు యాల? నాకూ దినామూ భయమే. బస్సెక్కాలంటే భయం, దిగాలంటే భయం. భయపడు, ఎవురొద్దన్నారు? కానీ కూర్చోని పడొద్దు. నడుస్తా పడు."

ధైర్యం చెప్పేవాళ్ళు నాకు చాలామంది దొరికారు. తన భయాన్ని ఒప్పుకున్న పెద్దమనిషి ఆమె ఒక్కరే.

ఆమె చేతికి ఎప్పుడూ మట్టిగాజులే. బంగారం వేసుకోరేం మేడం అని ఒకసారి అడిగాను. బంగారం చప్పుడు చేయదన్నారు. "మీ పక్కకు నేను వస్తాండానని మీకు ముందే తెలియాల కదా. చూపు లేనోళ్ళ దగ్గరికి చెప్పకుండా వచ్చేది మర్యాద కాదు."

రిటైరయ్యాక ఆమె ఒక చిన్న పట్టణంలో, పెద్ద మురుగుకాలువ పక్క వీధిలో, సొంత ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. ఎవరినీ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు కాబట్టి ఆ ఊరి పేరు చెప్పను. వారమంతా కుప్పంలో ఉండి శనివారం పుంగనూరులో మా ఇంటికి వెళ్ళేటప్పుడు, దారిలో దిగి ఆమెను చూసి వెళ్ళేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు. ఆ గొంతు అంత సన్నగా ఎప్పుడూ వినలేదు.

"పాపా, మిద్దెపైన గుడ్డలు ఆరేస్తాంటే ఏందో వచ్చి నెత్తిమీద నిలబడింది. తేనెతుట్టె కదిలినట్టు ఒకటే రొద. నేను ఇట్టా జరిగితే అదీ ఇట్టా వస్తాండాది. మెట్లు యాడున్నాయో మర్చిపోయినాను. నా ఇంటి మెట్లు."

డ్రోన్ అయి ఉంటుంది మేడం, సర్వే చేస్తున్నారట అన్నాను.

"నన్ను జనం చూస్తాండేది నాకు తెలుసు. పుట్టినప్పట్నించీ అలవాటే. కానీ చూసేవాళ్ళు పలకరిస్తే పలుకుతారు. దీన్ని ఎవరప్పా నువ్వు అని అడిగినా. పలకలేదు."

అది కొన్నాళ్ళు వచ్చిపోయింది. ఆమె మిద్దె ఎక్కడం మానేశారు. తడి గుడ్డలు వంటింట్లో తాడు కట్టి ఆరేసుకున్నారు.

ఆ తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉన్నారు. కుడిచేతి వేళ్ళు దూరంగా చాపి పట్టుకున్నారు. "రంగు వాసన వస్తాండాది. గోడ తడిమితే అంటుకునింది. ఏం రాసినారో సూడు."

నా గొట్టం చూపుతో గోడంతా వెతికాను. ఎర్రగా ఏదో ఉంది. ముక్కలు ముక్కలుగా కనపడుతోంది తప్ప కలవడం లేదు. వెలుగు కూడా తగ్గుతోంది. ఇద్దరం ఆ గోడ ముందు నిలబడ్డాం, చదవలేక. ఎదురింటామె అప్పుడు బయటికి వచ్చింది.

"కొట్టేసే ఇండ్లకు గుర్తు ఏసినారు మేడం. కాలవ మింద కట్టినారంట. డ్రోన్ పోటోలో కనపడిందంట. మీకు తెలుసులే అనుకుంటిమి."

మేడం చెయ్యి నా భుజం మీద పడింది. ఆ బరువు ఇంకా గుర్తుంది.

లోపలికి వెళ్ళి మున్సిపాలిటీ ఆఫీసు వెబ్‌సైట్ తెరిచాను. నోటీసు ఉంది, మేడం ఫోను దాన్ని చదవాలి. వేలు ఆనిస్తే "చిత్రం" అంది. కిందికి జరిపితే మళ్ళీ "చిత్రం." ఆ కింద "పేరు లేని బటన్." కాగితాన్ని ఫోటో తీసి పెట్టేశారు. అక్షరాలు లేనిచోట ఫోను ఏం చదువుతుంది? నా ఫోనులో పెద్దది చేసుకుని, ఒక్కో మాట పట్టుకుని, నేను చదివి వినిపించాను. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు సోమవారంతో ముగుస్తోంది.

సోమవారం సెలవు పెట్టి ఆమెతో మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళాను. క్లర్కు మర్యాదగానే మాట్లాడాడు. "అంతా వెబ్‌సైట్లో పెట్టినాం కదమ్మా."

మేడం ఫోను బల్లమీద పెట్టారు. "కొంచెం కండ్లు మూసుకోని వినప్పా." చిత్రం, చిత్రం, పేరు లేని బటన్. ఆమె గాజులు చిన్నగా మోగుతూనే ఉన్నాయి. "నా ఇల్లు పోతాదని నా ఊరు నాకు చెప్పినమాట ఇది. దీన్ని నేనెట్ట అర్థం చేసుకునేది?"

అతను కళ్ళు తెరిచాడు. "మాకు పైనుంచి ఫైలు వస్తాది మేడం, పెడతాము. చూపు లేనోళ్ళు కూడా సూస్తారని... ఎవురూ చెప్పలేదు." ప్రభుత్వ వెబ్‌సైట్లు అందరికీ పనికొచ్చేలా ఉండాలని చట్టమే చెబుతోందని నేను అన్నాను. డ్రోన్ ఎగరేయడానికీ అనుమతులూ నిబంధనలూ ఉన్నాయి. కింద మిద్దెమీద ఉన్న మనిషికి ఒక మాట చెప్పాలన్న నిబంధన మాత్రం, ఎంత వెతికినా నాకు దొరకలేదు. అర్జీలో రెండే అడుగుతానని చెప్పి మేడం రాయించారు: తన ఇంటిని మనుషులు వచ్చి కొలవాలి, ఇకమీదట ఎగరేసే ముందు వీధిలో చెప్పాలి, నోటీసు అక్షరాల్లో పెట్టాలి. "రెండంటే మూడైనాయే," అన్నాడు క్లర్కు. మేడం నవ్వలేదు.

జవాబు రాకముందే పక్కవీధిలోకి జేసీబీ వచ్చింది. ఆ రోజు నేను ఆమె దగ్గరే ఉన్నాను. గోడ పడినప్పుడల్లా వంటింటి అలమరలో గిన్నెలు ఒకదానికొకటి తగులుకునేవి. మేడం లేచి పట్టుచీర కట్టుకున్నారు. ఎందుకు మేడం అంటే, "పడగొట్టేటప్పుడు ఊరంతా సూస్తారు. బాగా కనపడాల," అన్నారు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వీధి మలుపులో ఆ యంత్రం ఆగి, మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగేది. ఆమె అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. "నడిచేదానికి యాడా లేదు పాపా ఈపొద్దు," అన్నారు. అంతకంటే భయపెట్టిన మాట నేను ఆమె నోట వినలేదు.

అది మేడం వీధిలోకి రాలేదు. ఆ తర్వాత టేపు పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. కాలువ మీద ఉన్నది ఇల్లు కాదు, వెనక వేసిన రేకుల పందిరి. పైనుంచి చూస్తే రెండూ కలిసిపోయి ఒకే కప్పులా కనిపించాయట. పందిరి తీసేశారు, ఇల్లు నిలిచింది. గోడమీది గుర్తును ఎదురింటామె సున్నం కొట్టి చెరిపేసింది. ఇప్పుడు ఆ ఊళ్ళో డ్రోన్ ఎగరేసే ముందు ఆటోలో మైకు పెట్టి చెబుతున్నారు. నోటీసులు కొన్నిటిని ఫోను చదువుతుంది, కొన్నిటిని చదవదు.

కానీ మేడం మళ్ళీ మిద్దె ఎక్కలేదు. ఎండ కావాలంటే వాకిట్లోనే కూర్చునేవారు. మొన్న జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. కుప్పం ఆస్పత్రిలో చివరిసారి కలిసినప్పుడు, "నీకు ఇంకా ఎంత కనపడతాండాది?" అని అడిగారు. బాగానే మేడం అన్నాను. "అబద్ధాలు యాల?" అని మెల్లగా అని, కళ్ళు మూసుకున్నారు.

మట్టి చేసేచోటికి ఆమె పాత విద్యార్థులు వచ్చారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, వరుసగా, గట్టు మీదుగా నడిచి వచ్చారు. అందరూ వెళ్ళిపోయాక వాళ్ళు ఒక్కొక్కరే మోకాళ్ళ మీద కూర్చుని, కొత్తగా పోసిన ఆ మట్టికుప్పను ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా తడిమారు.

"ఇంతేనా?" అని అడిగింది ఒక అమ్మాయి, పక్కనున్న వాళ్ళను.

నా వంతు వచ్చినప్పుడు వంగి చూశాను. నాకు మిగిలిన ఆ కాస్త చూపులో, తడి మట్టి నిండా అరచేతుల గుర్తులు.