లచ్చక్క మేక, నా ప్రశ్నల కాగితం

ఒక పెద్దామె మక్కా ప్రయాణాన్ని గడప దగ్గరే ఆపేసిన ఘనుణ్ని నేను. వీసా ఆఫీసు వాళ్లు కూడా ఆపలేదు సుమా! సరిహద్దులు దాటే యాత్రికుల మీద పరిశోధన అంటూ కట్టంగూర్‌లో నెల రోజులు తిరిగి, చివరికి ఆమెను వాడ కూడా దాటనివ్వనంత పని చేశాను.

ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు బయల్దేరేవాళ్లు తెలిసినవాళ్లందరినీ క్షమించమని అడిగి పోతారు. అమీనాబీ వాడంతా అడిగేసింది. మిగిలింది పక్కింటి లచ్చక్క. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. బయట కారు హారన్ మోగుతోంది. విమానం మధ్యాహ్నమే.

"లచ్చక్కా, తప్పయింది. మాఫ్ చెయ్యి."

"గదేం మాట చెల్లె! నేను గూడ శాన అన్న."

ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. అక్కడితో నోరు మూసుకోవచ్చు కదా? చేతిలో ప్రశ్నల కాగితం ఉందే!

"అసలు గొడవ ఎందుకొచ్చింది?" అన్నాను.

"ఈమె మ్యాక నా పాస్‌పోర్టు ఫోటోలు నమిలింది," అంది అమీనాబీ.

"గంతదానికే రాయితోని దాని కాలిరగ్గొడ్తవా?"

"రాయి తాకనే లే!"

"తాకింది! ఇప్పటికీ కుంటుతాంది!"

వివరం పోకూడదని నేను పెన్ను తీశాను. "ఏ కాలమ్మా, కుడిదా, ఎడమదా?"

"మాఫ్ లేదు, గీఫ్ లేదు!" లచ్చక్క లోపలికి పోయి తలుపేసుకుంది. అమీనాబీ గడప మీద కూలబడింది. "ఆమె మాఫ్ చెయ్యంది నేను కారెక్క."

"ఐదు నిమిషాలు చూస్త, పోత," అన్నాడు డ్రైవర్. పదేళ్లుగా ఆమె ఈ ప్రయాణం కోసమే ఎదురుచూస్తోంది. "లచ్చక్కా, నీ కాల్మొక్త, తలుపు తియ్యి!" అని తలుపు బాదాను.

"తియ్య!"

అంతలో వెనక నుంచి ఎవరో నా కాగితం లాక్కున్నారు. చూస్తే మేక! వెంటపడ్డాను. అది ఒక్క ఊపున గోడెక్కి, తాపీగా నమలడం మొదలుపెట్టింది.

"అరె, నాలుగు కాళ్లు మంచిగనే ఉన్నయి గదా!" అని అరిచింది అమీనాబీ.

తలుపు తెరుచుకుంది. లచ్చక్క మేకను చూసింది, నన్ను చూసింది, పకపకా నవ్వింది. "మాఫ్ చేసిన, పో చెల్లె. నా కోసం గూడ దువా చెయ్యి."

కారు కదులుతుంటే అమీనాబీని అడిగాను, "మరి నన్ను?"

"నిన్ను వాపసొచ్చినంక చూస్త!"

చూసింది కూడా. తిరిగొచ్చాక వాడంతా ఖర్జూరాలు పంచింది. మేకకూ పెట్టింది. నా దగ్గరికొచ్చి మాత్రం ఒకేసారి నాలుగు చేతిలో పోసి, "అన్నీ నోట్లేస్కో బిడ్డా. జర సేపు ప్రశ్నలు బందైతయి," అంది.

ఆ మేక సాక్షిగా ఒట్టేస్తున్నాను: కలిసిపోయినవాళ్లను ఎందుకు విడిపోయారని ఈ జన్మలో అడగను.