ఉతుకు గుర్తులు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆమెను అందరూ గంజమ్మ అనేవారు. కూతురు పోయాక ముఖానికి కూడా గంజి పెట్టుకుందని నర్సులు నవ్వుకునేవారు.

ఆ కూతురు కాన్పుకి ఇదే ఆసుపత్రికి ఉదయం ఎనిమిదింటికి నడిచి వచ్చింది. డాక్టరమ్మ అప్పుడు తన సొంత క్లినిక్‌లో ఉంది. పదకొండింటికి వచ్చి రిజిస్టరులో ఒక్క వాక్యం రాసింది: "తెచ్చేసరికే ప్రాణం లేదు."

ఉతుకుకి మూడు దుప్పట్లు వచ్చాయి. ఉతికింది తల్లే. ప్రాణం లేని మనిషి మూడు దుప్పట్లు తడపదని ఆమెకు తెలుసు. చెబితే ఎవరూ వినలేదు. నెత్తురు నీళ్లలో పోయింది. వాక్యం కాగితం మీద ఉండిపోయింది.

అప్పటినుంచి కాన్పుల గదికి దుప్పటి అందించే ప్రతిసారీ అంచున తేదీ, వేళ, మంచం నంబరు వేసేది. బట్టలకు గుర్తు పెట్టే సిరా అది. ఏ సబ్బుకీ లొంగదు.

"ఏంటమ్మా ఈ అంకెలు?" డాక్టరమ్మ ఒకసారి అడిగింది.

"ఉతుకు గుర్తులండీ."

డాక్టరమ్మ మళ్లీ అడగలేదు.

గంజమ్మ రెండేళ్లు కాచుకుంది. కాచుకున్నది ఇంకో తల్లి చావు కోసమేనని తనకు తెలుసు. తెలిసే రాసింది.

ఒక సోమవారం ఇంకొకామె అలాగే పోయింది. రిజిస్టరులో అదే వాక్యం. ఆమె భర్త ఊరుకోలేదు. విచారణకు అధికారి వచ్చాడు. గంజమ్మ ఉతక్కుండా దాచిన నాలుగు దుప్పట్లు తెచ్చి బల్ల మీద పరిచింది. ఒకే తేదీ, ఒకే మంచం. ఎనిమిదీ పది. తొమ్మిది. తొమ్మిదీ నలభై. పదిన్నర.

"శవానికి నాలుగుసార్లు పక్క ఎందుకు మార్చారండీ?"

అధికారి ఆ రోజు కాన్పుల గదిలో ఉన్న నర్సు వైపు చూశాడు.

"బతికే వచ్చిందండీ," అంది నర్సు తల దించుకుని. గంజమ్మ వైపు చూపిస్తూ, "అప్పుడు ఈవిడ కూతురు కూడా" అంది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "నన్ను పంపించేస్తే ఇక్కడ కాన్పులు ఎవరు చేస్తారు పెద్దమ్మా?"

"మీరున్నప్పుడు ఎవరు చేశారండీ?"

అధికారి పాత రిజిస్టరు తెప్పించి, నిజం రాయమని డాక్టరమ్మ ముందు పెట్టాడు. కూతురి పేరు దగ్గర డాక్టరమ్మ తన వాక్యం తానే కొట్టేసి, కింద ఇంకోటి రాసింది.

"పైకి చదవండి," అంది గంజమ్మ.

"బతికే వచ్చింది. నేను లేను."

గంజమ్మ వెళ్లి తలుపు బార్లా తెరిచింది. వరండాలో నెలలు నిండిన ఆడవాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు.

"ఇంకోసారండీ," అంది.