తూర్పు గోడ పక్క గది

ప్రొద్దుటూరులో మా ఇంటి ముందరి పార్కు ఒకప్పుడు చెనిక్కాయలు ఆరబోసుకునే బయలు. మునిసిపాలిటీ చుట్టూ గోడ కట్టి, పడమర ఒకటి, తూర్పున ఒకటి గేట్లు పెట్టాక ఇళ్లు లేచాయి. పార్టీ గొడవలు ముదిరేసరికి ఆ గేట్లే ఎల్లలయ్యాయి. పడమటి బెంచీల మీద ఒక పార్టీ, తూర్పు బెంచీల మీద ఇంకొకటి. మాకు ఏ పార్టీ లేదు. ఇల్లు పడమర ఉంది కాబట్టి మమ్మల్నీ ఆ లెక్కలోనే వేసేవారు.

నా బడి తూర్పున. ఆ వీధిలో నాటుబాంబు పడిన రోజే నాన్న నన్ను బడి మాన్పించాడు. మిషన్ బడిలో చదివిన అమ్మ వంటింట్లోనే పాఠాలు చెప్పింది. కొన్నేళ్లకు పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టాను. సెంటరు ఆ తూర్పు బడిలోనే పడింది. పోవద్దన్నాడు నాన్న. అవతలికి పోయొచ్చేవాళ్లు కబుర్లు మోస్తున్నారని అనుకుంటారని ఆయన భయం. నాకు అన్నం సహించలేదు. ప్రార్థనలో కూర్చున్నా మనసు గేటు దగ్గరే తిరిగేది.

దారి చూపింది పార్కు తోటమాలి, ఒక ముసలి సాయిబు. తూర్పు గోడకు ఆనుకుని ఆయన పనిముట్ల గది ఉండేది. దాని వెనక తలుపు తీస్తే బడి సందు. ఎవరూ రాకముందే నన్ను గదిలో కూర్చోబెట్టి, బడి గంట కొట్టగానే అటు పంపిస్తానన్నాడు. తిరిగి రావడం ఎట్లా అని నాన్న అడిగితే, మధ్యాహ్నం ఎండకు ఏ పార్టీవాడూ పార్కులో ఉండడని నవ్వాడు.

పారల మధ్య గోనెసంచి మీద కూర్చుని చదివేదాన్ని. బయట చెప్పుల చప్పుడైతే అక్షరాలు కంటికి ఆనేవి కావు. లెక్కల పరీక్ష రోజు ఆ చప్పుడు తలుపు దగ్గరే ఆగింది.

"లోపల ఎవురుండారు మామా?"

"నా మనమరాలు," అన్నాడు సాయిబు.

"నీకు మనమరాలు యాడిది?"

"ఈపొద్దు నుంచి ఉండాదిలే. లెక్కల పరీక్ష రాయాల."

చెప్పుల చప్పుడు వెనక్కి మళ్లింది. నేను పడమటి ఇంటి పిల్లనని ఆ వచ్చినాయనకు తెలుసో, తెలియదో. తర్వాత అదే గొంతు కాస్త దూరం నుంచి వినపడింది.

"రేయ్, ఆ పక్క బెంచీ కాడికి పాండి. ఈడ గలాటా వద్దు. లెక్కలంట."

ఆ ఏడు పాసయ్యాను. ఇప్పుడు గది పడగొట్టి వాకింగ్ ట్రాక్ వేశారు. అక్కడికి రాగానే నా నడక నాకు తెలియకుండానే వేగమవుతుంది. ఆ గొంతు ఎవరిదో ఈనాటికీ తెలియదు. పొద్దుటి ప్రార్థనలో సాయిబు తర్వాత ఆయన్నీ తలుచుకుంటాను.