తొమ్మిది విరిగిన రెక్కలు

ఇబ్రహీంపట్నం పశువుల దవాఖానలో సుసన్న ఇరవై రెండేళ్లుగా అటెండరు. గేదె కుంటుతూ గేటు దాటుతుండగానే ఏ కాలో, ఏ కీలో చెప్పేస్తుంది. ఆ కళ్లతోనే పెద్దచెరువు పిట్టల్నీ చూసేది. తోక ఊపుతూ నడిస్తే ఉల్లంకి. నాలుగడుగులు ఉరికి టక్కున ఆగితే, కంటిచుట్టూ పసుపు ఉంగరం, మెడకు నల్లపట్టీ ఉన్న బుల్లిపిట్ట. దసరా ముందు చలిదేశాల నుంచి దిగుతాయి, ఈస్టరు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి వెళ్లిపోతాయి. అన్నీ దవాఖాన క్యాలెండరు మీద రాసుకునేది.

ఆమె "పోయినయ్" అంటేగానీ రైతులు ఒండ్రుమట్టి తోలుకోవడానికి చెరువులో ట్రాక్టర్లు దింపేవారు కాదు. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత అడిగి మరీ ఆగేవారు. అబ్బో, దానికి ఆమెకెంత గర్వమో! ఈసారి మూడు వారాలు ఆపి, నిన్ననే "పోయినయ్" అని మాటిచ్చింది.

పొద్దున్నే రైతు కొండల్ ట్రాక్టరు ముందు, వెనక మరో నాలుగు. గట్టు మీదున్న సుసన్నకు ఎండిన మట్టిలో ఒక్క పసుపు ఉంగరం పిట్ట కనబడింది. కుడిరెక్క నేలకు ఈడ్చుకుంటోంది. ఏటా ఇంతే, రెక్క విరిగి ఒకటి వెనకబడేది. ఇన్నేళ్లూ నాలుగడుగులు వెంటపడి, దొరక్క, అయ్యో పాపం అనుకుని వచ్చేసేది. ఇవాళ టైర్లు వస్తున్నాయి. వదిలేస్తే నలిగి చస్తుంది.

కొంగు నడుముకు దోపి దిగింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరకు రానిచ్చి, పిట్ట మళ్లీ మూరెడు దూరం పాకింది.

"ఆగవే తల్లీ, కట్టు కడ్త."

వంద గజాలు తిప్పింది. సుసన్నకు రొప్పు వచ్చింది. అంతలో ఆ పిట్ట రెండు రెక్కలూ చాచి, ఈలవేస్తూ హాయిగా లేచిపోయింది.

సుసన్న నోరు తెరుచుకుని నిలబడిపోయింది. రెక్క విరగనే లేదు! పిడికెడు పిట్ట తనను బోల్తా కొట్టించింది. ఎందుకు? ఎక్కణ్ణుంచి ఇటు లాక్కొచ్చింది? దవాఖాన డాక్టరు రఘునందన్ ఎప్పుడో అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది. "అన్నీ వలసవి కావు సుసన్నక్కా. కొన్ని ఇక్కడివే. చూడనీకి అన్నీ ఒక్కటే." ఇక్కడివైతే గుడ్లు పెట్టేదీ ఇక్కడే.

వెనక్కి తిరిగింది. పిట్ట మొదట కనబడ్డ చోటికే కొండల్ ట్రాక్టరు వస్తోంది.

"కొండల్! ఆపు! ఆపురా!"

ఇంజను హోరులో ఎవరికి వినబడుతుంది? ఉరికింది. తీరా అక్కడికి చేరాక అడుగు పెట్టాలంటే భయమేసింది. గులకరాళ్లలో రాయేదో, గుడ్డేదో! తన కాలి కిందే పడొచ్చు. చెప్పులు విసిరేసి, నేలను వెతుకుతూ ఒక్కో అడుగే వేసింది. టైరు పది గజాల్లోకి వచ్చింది. అప్పుడు, మడమకు జానెడు దూరంలో, చిన్న గుంట. మట్టిరంగు మీద నల్లచుక్కలు. నాలుగు గుడ్లు.

వాటికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. కొండల్ బ్రేకు తొక్కి దూకాడు.

"పానం మీదికి తెచ్చుకుంటవా అక్కా? నిన్ననే గదా పోయినయ్ అన్నవ్! నీ మాట మీద మూడు వారాలు ఆగినం!"

"తప్పు చెప్పిన తమ్మీ. నాదే తప్పు. గిక్కడ గుడ్లున్నయ్."

"గుడ్లా? ఏవీ?" అంటూ కోపంగా అడుగేశాడు. పిట్ట అతని ముందు వాలి రెక్క ఈడ్చింది. కొండల్ కోపమంతా దిగిపోయింది. "అరెరె! దీని రెక్క ఇరిగిందక్కా, దవాఖానకు తీస్కపోదాం" అంటూ వంగి దాని వెంట పడ్డాడు.

సుసన్న ఆపలేదు. కాసేపటికి దూరం నుంచి కేక వినబడింది. "అక్కా, ఎగిరిపోయింది!"

"అవ్, ఎగురుతది. జర ఇటొచ్చి చూడు."

వచ్చి గుంటలోకి చూశాడు. వెళ్లి ట్రాక్టరెక్కి రివర్సు గేరు వేశాడు. వెనకున్న నాలుగూ మళ్లాయి.

సుసన్న మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. గుడ్ల పక్కన కూలబడి ఏడ్చింది. క్యాలెండర్లలో ప్రతి ఏప్రిల్ కిందా తన చేతిరాతే: 'రెక్క విరిగింది, ఒకటి'. తొమ్మిదేళ్లు రాసింది. తొమ్మిదేళ్లూ రాసి, గట్టెక్కి, ట్రాక్టర్లను రమ్మని చెయ్యి ఊపింది.