గుమ్మడికాయకి మొదటి వేటు

టీచరమ్మగారు పోయిన వార్త మా కొట్టుకి బేరంగా వచ్చింది. పొద్దున్నే షట్టరు ఎత్తి కొట్టు ముందు నీళ్ళు చల్లుతుంటే ఎదురుగా ఉన్న చర్చి సంఘపెద్ద వచ్చి, "తెల్లబట్ట కావాలమ్మా, మెత్తటిది. పెట్టెలో పరవడానికి" అన్నాడు. ఎవరికని అడిగాను. "మన టీచరమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. తెనాలి ఆసుపత్రిలో, తెల్లారుజామున" అన్నాడు. నేను తాను దించి, కొలిచి, చింపి ఇచ్చాను. డబ్బులు వద్దంటే, "అట్టా అంటే ఆవిడ ఊరుకోదమ్మా" అన్నాడు. నిజమే, ఊరుకోదు. తీసుకున్నాను.

మాది రేపల్లెలో చర్చికి ఎదురిల్లు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా నాన్న చీరాల వైపు నుంచి చీరల మూటతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. టీచరమ్మగారు బాపట్లలో ట్రైనింగు అయ్యి, చర్చివాళ్ళ చిన్నబడికి పంతులమ్మగా వచ్చి, చర్చి ఆవరణలోనే ఒక పెంకుటింట్లో ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. మా వీధిలో అక్షరం వచ్చినవాళ్ళం అందరం ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్ళమే. సంఘపెద్ద కూడా. మతం చూసి తక్కువ కొట్టిందనే ఫిర్యాదు ఆవిడ మీద ఎప్పుడూ రాలేదు.

ఎండ ఉన్నా మబ్బు ఉన్నా చేతిలో గొడుగు ఉండాలి. కొంగు చివర సుద్దముక్క ముడేసి ఉండాలి. క్రిస్మస్‌కి వీధిలో ఇంటింటికీ అరిసెలూ చక్రాలూ పంపించేవారు. మా ఇంటికి మాత్రం ఎప్పుడూ బత్తాయిలూ అరటిపళ్ళూ. వండినవి మా అమ్మ తీసుకోదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలుసుకున్నారు. పళ్ళసంచితో మా వసారా మెట్టుమీద నిలబడి, "పండగ శుభాకాంక్షలండీ" అనేవారు. మా అమ్మ నవ్వుతూ సంచి అందుకునేది. కుశల ప్రశ్నలన్నీ ఆ మెట్టు దగ్గరే అయిపోయేవి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం, అందులో అనుమానం లేదు. మెట్టు మాత్రం అక్కడే ఉండేది.

ఆవిడ పేరు చెబితే వీధికి ముందు గుర్తొచ్చేది కోతల పండగ. వరికోతలు అయ్యాక సంఘంవాళ్ళు తమ పంటలో మొదటిది చర్చికి తెస్తారు. ధాన్యం, కొబ్బరికాయలు, కోళ్ళు, పెరట్లో కాసిన కాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. చాలాచోట్ల ఈ పాట చర్చి లోపలే, వాళ్ళలో వాళ్ళకే జరుగుతుంది. మా దగ్గర గేటు బయట, వీధిలో జరిగేది. టీచరమ్మగారు పెట్టిన పద్ధతి అది. పాట పిలిచేది కూడా ఆవిడే. ఎక్కాలు చెప్పించే గొంతుతో "ఒకటోసారి" అంటే, కొనే ఉద్దేశం లేనివాడు కూడా లేచి నిలబడేవాడు. కొబ్బరికాయల మీద మా వీధికీ సంఘానికీ పోటీ. ఆవిడ పెంకుల మీద పాకిన తీగ నుంచి వచ్చే గుమ్మడికాయ మాత్రం ఏటా మా నాన్నదే.

నేను పదో తరగతిలో ఉండగా మైకుల గొడవ వచ్చింది. ధనుర్మాసమూ క్రిస్మస్సూ ఒకే నెలలో పడతాయి గదా, తెల్లారకముందే రామాలయం మైకు ఒకపక్క, చర్చి మైకు ఒకపక్క. నీ గొంతు పెద్దదా నా గొంతు పెద్దదా అనేదాకా వెళ్ళింది. నాలాంటి పరీక్షల పిల్లలకి ఏ దేవుడూ వినపడకుండా పోయాడు. మాటా మాటా పెరిగి, ఈసారి చర్చి పాటకి ఎవరూ వెళ్ళొద్దని వీధిలో ఒక మాట పాకింది. అది తెలిసి సంఘంలో కుర్రకారు, అప్పటికి కొత్తగా పెద్దరికం తీసుకున్న ఈ సంఘపెద్దతో సహా, గేటు మూసేద్దాం అన్నారు. "మన పంట మనమే పాడుకుందాం టీచరమ్మగారూ, వాళ్ళని బతిమాలేదేంటి?"

"ఉప్పుని ఉప్పులో కలిపితే కూరవుద్దా అబ్బాయ్?" అన్నారట ఆవిడ.

ఆ ఏడు గేటు నిజంగానే మూశారు. టీచరమ్మగారు బడిలో కుర్చీ ఒకటి బయటికి ఈడ్చుకొచ్చి, గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని, మూసిన గేటు ముందు కూర్చున్నారు. కాసేపాగి లేచి, "ఒకటోసారి" అన్నారు. వీధిలో ఒక్కడూ పలకలేదు. మా నాన్న కొట్టులో ఒకే చీరని మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడత పెడుతున్నాడు. "రెండోసారి" అన్నారు. మూడోసారి అనలేదు. అనేస్తే పాట అయిపోయినట్టు గదా. ఎండ నడినెత్తికొచ్చేదాకా అలాగే కూర్చుని, కాయ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. అంత పెద్ద గొంతుకి జవాబు లేకపోవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు చాలా బాధేసింది.

సాయంత్రం ఆవిడ మా మెట్టు దగ్గరికి వచ్చి నాన్నని పిలిచారు. "ఏవండీ, గుమ్మడికాయ కొయ్యాలి. మొదటి వేటు ఆడవాళ్ళం వెయ్యకూడదు గదా. మా ఇంట్లో మగదిక్కు లేదు."

మా నాన్న తెల్లబోయాడు. "మీకూ ఉందాండీ ఆ పట్టింపు?"

"మేం మతం మారాం గానీ గుమ్మడికాయ మారలేదు గదండీ" అన్నారు.

మా నాన్న అంత ఆలోచించే మనిషి కాదు. వంటింట్లోకి వెళ్ళి పెద్ద కత్తి తీసుకుని వీధిలోకి దిగాడు. అసలే ఊరు అట్టుడికినట్టుంది. అలాంటప్పుడు వీధిలోకెల్లా నెమ్మదస్తుడని పేరున్న మనిషి కత్తి పట్టుకుని చర్చి వైపు నడుస్తుంటే ఏమవుతుంది? వీధి వీధంతా బయటికొచ్చింది. "వద్దు బాబాయ్" అని ఇటునుంచి నలుగురు పరిగెత్తారు. అటునుంచి గేటు తీసుకుని సంఘంవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సంఘపెద్ద మా నాన్న చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

"అబ్బాయ్, చెయ్యి వదులు. ఆయన గుమ్మడికాయ కోసం వచ్చారు" అన్నారు టీచరమ్మగారు, అప్పుడే చూసినట్టు.

ఇరుపక్కలవాళ్ళూ ఆవరణలో నిలబడి చూస్తుండగా మా నాన్న ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కాయని రెండు చెక్కలు చేశాడు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, తర్వాత అందరూ నవ్వారు. గొడవ ఆ పూటతో తీరిందని చెప్పను, మైకులు మరో రెండు పండగలు అరిచాయి. కానీ మరుసటి ఏడు గేటు మూద్దామని ఎవరూ అనలేదు. కావాలనే కత్తితో రప్పించారా అని నేను పెద్దయ్యాక అడిగాను. "సుద్దముక్కతో గుమ్మడికాయ తెగుద్దా?" అన్నారు. అంతకుమించి రాబట్టలేకపోయాను.

సమాధి కార్యక్రమానికి వీధి మొత్తం వచ్చింది. చాలామంది లోపలికి వెళ్ళి బెంచీల మీద కూర్చున్నారు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని గేటుదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. రమ్మని అందరూ అన్నారు. "ఇక్కడికి కనపడుద్దిలే" అంది. పెట్టె బయటికొచ్చేదాకా గేటు ఊచ పట్టుకుని నిలబడింది.

తర్వాత కొద్దిరోజులకే కోతల పండగ. విత్తు పెట్టిన మనిషి లేకపోయినా తీగ మీద కాయ ఉంది. పాట సంఘపెద్ద పిలిచాడు. గొంతు ఉంది గానీ ఎవరూ లేచి నిలబడలేదు. గుమ్మడికాయకి నేను పాడాను. నా మీద పైపాట ఎవరూ పాడలేదు.

ఇంటికి తెచ్చాక అసలు చిక్కు వచ్చింది. నాన్న పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఇంట్లో ఉండేది నేనూ అమ్మే. నేను కత్తిపీట తీస్తే అమ్మ ఒప్పుకోలేదు. "ఎవరో ఒక మగవాణ్ణి పిలు" అంది. ఎదురుగా గేటు దగ్గర చాపలు చుడుతున్న సంఘపెద్ద కనిపించాడు. పిలిచాను.

కత్తిని న్యూస్‌పేపరులో చుట్టుకుని వచ్చాడు. "మీ నాన్నగారిలా ఊపుకుంటా వస్తే మళ్ళీ వీధంతా లేస్తదమ్మా" అని నవ్వాడు. చెప్పులు కింద విడిచి, టీచరమ్మగారు ఆగే చోటే ఆగాడు. "ఇట్టా తెండి చెల్లెమ్మా. మెట్టుమీదే కొట్టేసి పోతా."

నేను కాయ తేవడానికి వెనక్కి తిరిగాను. లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. "టీచరమ్మగారి కాయని మెట్టుమీద కొట్టడమేంటి? వంటింట్లోకి రమ్మను."

అతను నా మొహం చూశాడు. నేను పక్కకి తప్పుకున్నాను. వంచిన తల ఎత్తకుండా గదులు దాటి వెళ్ళి, అమ్మ వేసిన పీట పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక్క వేటుకి కాయ విచ్చుకుంది. అమ్మ ఒక చెక్క అతని చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, "ఆవిణ్ణి ఒక్కసారైనా రమ్మనలేదు నాయనా" అంది. అతను పులుసు ఉడికేదాకా కూర్చున్నాడు.

గింజలు అమ్మే కడిగింది. అవి ఇప్పుడు వసారా మెట్టుమీద, పళ్ళసంచి దిగే చోట, కాగితం మీద ఆరుతున్నాయి.