సీలు విప్పని డిస్కు

లిఫ్టు మెకానిక్కుకి ఇద్దరు భార్యలని వీధిలో వేళాకోళం. ఒకరు వంటింట్లో, ఇంకొకరు ముందు గదిలో అద్దాల బీరువా. ఆ బీరువా నిండా పాత సినిమాల డిస్కులే. ఏ గోదాములోనో బూజు పట్టి పడున్న రీళ్ళను ఎవరో ఓపిగ్గా శుభ్రం చేసి, గీతలు చెరిపి, కొత్తవాటిలా తయారుచేసి పెట్టెల్లో పెట్టి అమ్మితే, ఈయనగారు కళ్ళకద్దుకుని కొంటాడు. వాటిలో పేరు మోసినవీ ఉన్నాయి, మూడో రోజుకే హాల్లోంచి ఎత్తేసినవీ ఉన్నాయి. రెండో రకమంటేనే ఆయనకి మోజెక్కువ.

కొనడంలో ఆయనకో పద్ధతుంది. ప్రతి సినిమా రెండేసి కొంటాడు, ఒకటి చూడటానికి, ఒకటి దాచడానికి. దాచేదాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉండాలి. అది చిరిగిందంటే డిస్కు పరువు పోయినట్టే. ఇలాంటి పిచ్చివాళ్ళంతా ఫోనులో ఒక గుంపుగా ఉన్నారు. పొర చిరగని పెట్టె ఫోటో పెడితే చాలు, ఒకరిని మించి ఒకరు ఆకాశానికెత్తేస్తారు. రోజంతా లిఫ్టు గుంటలో గ్రీజు పూసుకుని, "ఇంకా ఎంతసేపయ్యా?" అనిపించుకునే మనిషికి ఆ పొగడ్త ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పాలా?

అత్తగారు వాళ్ళింట్లోనే ఉంటుంది. పెళ్ళికి ముందు ఆవిడా, చెల్లెలూ సినిమావాళ్ళకి బట్టలు కుట్టేవారు. ఒకసారి రైలు ప్లాట్‌ఫారం సీనులో జనంగా నిలబడటానికి మనుషులు చాలక, కుట్టుగదిలో ఉన్న పిల్లలందరినీ లాక్కెళ్ళి నిలబెట్టి, రైలుకి చేతులూపమన్నారు. ఆ సినిమా వచ్చినట్టే వచ్చి పోయింది, అక్కాచెల్లెళ్ళు చూడనేలేదు. మరుసటేడు చెల్లెలు జ్వరంతో చనిపోయింది. ఆ పిల్ల ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

ఇన్నేళ్ళకి ఆ సినిమా డిస్కుగా వచ్చింది. కొన్నే వేశారు. మనిషికి ఒక్కటే ఇస్తామన్నారు. పెట్టె మీద వరస సంఖ్య కూడా అచ్చువేశారు. మెకానిక్కు తనది కొని ఫోటో పెట్టిన రోజు ఫోనులో గుంపంతా కుళ్ళుకుని చచ్చింది.

"అల్లుడూ, మా సినిమా వచ్చిందటగా? అమ్మాయి చెప్పింది. ఒక్కసారి వెయ్యి బాబూ. మా చెల్లి మొహం నాకు సరిగ్గా గుర్తురావట్లేదు" అంది అత్తగారు.

అతని చూపు బీరువా మీదికి పోయింది. రెండోది లేదు. ఉన్న ఒక్కదాని పొర చింపాలి.

"ప్లేయరు చెడిపోయిందత్తయ్యా. ఏదో పార్టు రావాలట."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. ఆ పార్టు నాలుగు నెలలైనా రాలేదు. ఆవిడ వారం వారం అడుగుతూనే ఉంది. ఆ నాలుగు నెలలూ అతను గది తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్సు పెట్టుకుని, అదే ప్లేయరులో వేరే సినిమాలు చూశాడు. గుంపులో ఎవరైనా ఇంకొకటి అమ్మకపోతారా, అప్పుడు దర్జాగా చూపిద్దాంలే అని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తరవాత అంత సిగ్గుపడేవాడు కాదు.

ఒక ఉదయం అత్తగారు టీ గ్లాసు ఎదురుగా ఉండగానే బల్లంతా తడుముకుంది. భార్యాభర్తలిద్దరూ హడలిపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నాడు కళ్ళ డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు.

"మసకేసినప్పుడే ఎందుకు రాలేదమ్మా?"

"వయసుకి ఇదంతా మామూలేననుకున్నాను బాబూ. చూపు పూర్తిగా పోయేలోపు మా చెల్లి ఉన్న సినిమా ఒక్కటి చూడాలని మా అల్లుణ్ణి తొందరపెట్టాను. పాపం, అతనేం చేస్తాడు, మిషను చెడిపోతే."

పక్కనే కుర్చీలో ఉన్న అల్లుడికి తల తీసేసినట్టయింది. డాక్టరు మందులు రాస్తూ ఏదో చెబుతున్నా ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇంటికి వెళ్ళేదాకా భార్య మొహం చూడలేకపోయాడు.

ఆదివారం పొద్దున్నే అత్తగారిని టీవీ ముందు కూర్చోబెట్టి పెట్టె తీశాడు. గోరు గుచ్చి పొర లాగాడు. అది పర్రుమని చిరిగింది.

"ఏమిటా చప్పుడు?"

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"దీని కవరు చింపుతున్నానత్తయ్యా. ఇన్నాళ్ళూ చింపలేదు."

ఆవిడ చప్పుడు వచ్చినవైపు మొహం తిప్పింది. "ఓహో, రావలసిన పార్టు అదా" అంది.

కోపంగా కూడా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. వంటింటి గుమ్మంలో భార్య గిన్నె పట్టుకుని నిలబడి, అంతా విని, లోపలికి వెళ్ళిపోయింది. తను పెట్టిన ఫోటో, దానికొచ్చిన పొగడ్తలూ తలుచుకుంటే అతనికి ఒళ్ళంతా చీదరేసింది.

రైలు సీను వచ్చింది. అతను బొమ్మని ఆపి, టీవీకి ఆనుకునేంత దగ్గరగా కూర్చుని, అత్తగారి పోలికలున్న మొహాల కోసం వెతికాడు. ఎంత శుభ్రంగా తయారుచేశారంటే జాకెట్ల మీద కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు.

"ఎడమవైపు రెండో అమ్మాయి. రెండు జడలు. ఒక రిబ్బను వదులైంది."

"నేనే కట్టాను, హడావిడిగా. నవ్వుతోందా?"

"నవ్వుతోందత్తయ్యా. పై పన్ను ఒకటి కొంచెం ముందుకుంది."

"ఆ! ఆ పన్నే!" ఆవిడ చప్పట్లు కొట్టినంత పనిచేసింది. "మరి నేనో?"

"మీరు పక్కనే ఉన్నారు. అందరూ రైలుకి చేతులూపుతున్నారు. మీరు మాత్రం మీ చెల్లి వైపే చూస్తున్నారు."

ఆవిడ టీవీకేసి మొహం పెట్టింది. తరవాత చెయ్యి చాపి అతని భుజం వెతుక్కుని పట్టుకుంది.

"ఇప్పుడు దాని మొహం తెలిసినవాడివి నువ్వొక్కడివే. మర్చిపోకు బాబూ. నేనడిగినప్పుడల్లా చెప్పాలి."

అతను తలూపాడు. తలూపితే ఆవిడకి కనిపించదని గుర్తొచ్చి, "అలాగే అత్తయ్యా" అన్నాడు.